ముక్కు, సైనస్‌లు, అంగిలి: సొంత ముఖం మీదే అనాటమీ నేర్చుకునే పద్ధతి

ప్రాక్టికల్స్‌లో సగానికి కోసిన తల స్పెసిమెన్ ముందు పెట్టి, "మిడిల్ మీటస్‌లోకి ఏమేం తెరుచుకుంటాయి?" (ముక్కు లోపలి పక్క గోడలో మధ్య చుట్ట కింద ఉండే సందు అది) అని అడిగితే చాలామంది గడగడా అప్పజెప్పేస్తారు. "ఏదీ, చూపించు" అనగానే ఫోర్సెప్స్ గాల్లో ఆగిపోతుంది. పేర్లు నోటికి వచ్చాయి కానీ చోట్లు కంటికి రాలేదన్నమాట. ఈ మార్గదర్శి ఆ చోట్ల కోసమే. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాక, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన మన పిల్లలు కూడా ఇంటికి దగ్గరలోనే ఎంబీబీఎస్ చేస్తున్నారు. ముఖ్యంగా వాళ్ళ కోసం రాస్తున్నాను. నర్సింగ్, బీడీఎస్ వాళ్ళకూ పనికొస్తుంది. సైనస్‌లంటే ముక్కు చుట్టూ ఉన్న ఎముకల్లోని గాలి గదులు; ఏళ్ళ తరబడి వాటితో తిప్పలు పడుతున్నవాళ్ళు చదివితే డాక్టర్ చెప్పేది సగమైనా అర్థమవుతుంది.

పద్ధతి ఇది. ఏ గోడ దగ్గర ఆగినా రెండే ప్రశ్నలు వేసుకోవాలి. దీనికి అవతల ఏముంది? ఇక్కడి తడి ఎటు కారుతుంది? ఈ రెండూ తెలిస్తే ఏ రోగం ఎటు పాకుతుందో మీరే చెప్పగలరు.

ఒక చేతి అద్దం, ఫోన్ టార్చ్, స్టీలు పళ్ళెం, కాలేజీలో ఉండే పుర్రె, మటన్ కొట్టు నుంచి ఒక పొట్టేలు తలకాయ ఉంటే చాలు.

మెట్టు 1: నాలుకతో అంగిలి తడమండి

పుస్తకాలు సాధారణంగా ముక్కుతో మొదలుపెడతాయి. నేను అంగిలితో మొదలుపెట్టమంటాను. నోటికి కప్పు, ముక్కుకు నేల అదే. అద్దం కూడా అక్కర్లేకుండా నాలుకకు అందే గోడ అదొక్కటే.

నాలుక కొనను పై ముందు పళ్ళ వెనక ఆనించి నెమ్మదిగా వెనక్కి జరపండి. మొదట ఒక చిన్న బొడిపె తగులుతుంది, అది ఇన్సిసివ్ పాపిల్లా. దాని పైన ఎముకలో ఇన్సిసివ్ ఫొరామెన్ ఉంటుంది. ముక్కు దూలం వెంట వచ్చిన నేసోపాలటైన్ నరం ఆ రంధ్రంలోంచే నోట్లోకి దిగుతుంది. తర్వాత అడ్డంగా గరుకు మడతలు వస్తాయి, వాటిని రుగే అంటారు. ఇంకా వెనక్కి పోతే నున్నగా, గట్టిగా ఉంటుంది. ఒకచోట ఆ గట్టిదనం పోయి మెత్తగా తగులుతుంది. అక్కడితో ఎముక అయిపోయి మెత్తటి అంగిలి మొదలైంది.

ఇప్పుడు వర్ణమాల అందుకోండి. "త" అంటే నాలుక పళ్ళను తాకుతుంది. "ట" అంటే కొన మడతపడి గట్టి అంగిలిని తాకుతుంది. "చ" అంటే నాలుక మధ్య భాగం గట్టి అంగిలికి ఆనుకుంటుంది. "క" అంటే నాలుక మొదలు పైకి లేచి మెత్తటి అంగిలిని తాకుతుంది. వ్యాకరణం క-వర్గాన్ని కంఠ్యాలంటుంది కానీ అద్దంలో చూస్తే తాకే చోటు అంగిలే. క నుంచి ప దాకా వర్గాలను గొంతు నుంచి పెదవుల వరకు వరసగా పేర్చారు కాబట్టి, ఒకసారి చదువుకుంటూ పోతే నోటి కప్పు అంతా తడిమినట్టే.

గట్టి అంగిలిలో ఎక్కువ భాగం, సుమారు ముప్పాతిక, మేక్సిల్లా అనే పై దవడ ఎముక పలక, దాని పేరు పాలటైన్ ప్రాసెస్. వెనక మిగిలింది పాలటైన్ ఎముక అడ్డపలక. పుర్రెను తిరగేస్తే ఈ నాలుగు ముక్కల అతుకులు కూడిక గుర్తులా కనిపిస్తాయి. జ్ఞానదంతం దగ్గర, గట్టి అంగిలి వెనక మూలలో ఉండేది గ్రేటర్ పాలటైన్ ఫొరామెన్. పై దవడ పళ్ళ పని చేసేటప్పుడు అంగిలికి మత్తు ఇచ్చేది దాని దగ్గరే.

గ్రహణం మొర్రి ఎలా వస్తుందో ఇక్కడే చూసేయాలి. పిండం ఆరో వారం దాటేటప్పటికి అంగిలిగా మారబోయే రెండు పలకలు, అంటే పాలటైన్ షెల్ఫ్‌లు, నాలుకకు అటూ ఇటూ కిందికి వేలాడుతుంటాయి. నాలుక కిందికి జారగానే అవి పైకి లేచి, అడ్డంగా తిరిగి, మధ్యలో ఒకదానికొకటి అతుక్కుంటాయి. సుమారు పన్నెండో వారానికి ఆ పని పూర్తవుతుంది. ఇన్సిసివ్ ఫొరామెన్‌కు ముందున్న భాగం వేరే మూలం నుంచి, అంతకు ముందే తయారవుతుంది. అందుకే మొర్రిని వర్గీకరించేటప్పుడు ఆ రంధ్రాన్నే సరిహద్దుగా పెట్టుకుంటారు. గ్రహణం నాడు కడుపుతో ఉన్నామె కత్తిపీట ముట్టుకుందని అత్తగారు ఇప్పటికీ కోడలిని నిందించే ఇళ్ళు మన దగ్గర ఉన్నాయి. వంశపారంపర్యం, ఫోలిక్ యాసిడ్ లోపం, పొగ, కొన్ని ఫిట్స్ మందులు కారణాలు కావచ్చు. ఆకాశంలో నీడకు ఇందులో పాత్ర లేదు. ఈ మాట బాలింతలుండే పోస్ట్‌నేటల్ వార్డులో ఆ అత్తగారు వినేలా చెప్పాలి.

మెట్టు 2: కొండనాలుక, దాని చుట్టూ ఉన్న కండరాలు

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత అందరికీ తెలుసు. కొండనాలుక చేసే పని మాత్రం తక్కువ మందికి తెలుసు. టార్చ్ వేసి, అద్దం ముందు నోరు బాగా తెరిచి "ఆ" అనండి. మెత్తటి అంగిలి మొత్తం పైకీ వెనక్కీ లేస్తుంది. అలా లేపేది లివేటర్ వీలై పాలటై. రెండువైపులా తోరణాల్లా దిగే మడతల్లో ముందుది పాలటోగ్లాసస్, వెనకది పాలటోఫారింజియస్, మధ్యలో టాన్సిల్. కొండనాలుకలోపల ఉన్నది మస్కులస్ యువులే. ఇక మిగిలింది టెన్సర్ వీలై పాలటై. పై దవడ ఆఖరి పన్ను వెనక, కాస్త లోపలివైపు వేలు పెడితే చిన్న ఎముక కొక్కెం తగులుతుంది. అది హాములస్. టెన్సర్ దాన్ని చుట్టుకునే అంగిలిలోకి వస్తుంది.

నరాలను గుర్తుపెట్టుకోవడం తేలిక. టెన్సర్‌కు మాండిబ్యులర్ (కింది దవడ) నరం, మిగతా నాలుగింటికీ ఫారింజియల్ ప్లెక్సస్ అనే గొంతు గోడ మీది నరాల వల ద్వారా వేగస్ (పదో కపాల నరం). వేగస్ ఒకవైపు దెబ్బతింటే "ఆ" అన్నప్పుడు కొండనాలుక బాగున్న వైపుకు లాగబడుతుంది. వైవాలో ఇది అడగని ఎగ్జామినర్ ఉండడు.

టెన్సర్ ఇంకో పని కూడా చేస్తుంది. శ్రీశైలం ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చెవులు దిబ్బళ్ళు వేస్తే గుటక మింగుతాం కదా. అప్పుడు చెవిని ముక్కు వెనక భాగంతో కలిపే యుస్టేషియన్ గొట్టాన్ని తెరిచేది ఈ కండరమే. మొర్రి ఉన్న పిల్లలకు చెవిలో నీరు, చీము తరచూ రావడానికి కారణమూ ఇదే. పట్టు దొరకని కండరం గొట్టాన్ని సరిగా తెరవలేదు.

ఇంకో ప్రయోగం. ముక్కు గట్టిగా మూసుకుని "అమ్మ" అనండి, "అబ్బ"లా వినిపిస్తుంది. "నాన్న" "దాద్ద" అవుతుంది. ప, బ అనేటప్పుడు అంగిలి లేచి ముక్కు దారి మూస్తుంది. మ, న అనేటప్పుడు దిగి దారి తెరుస్తుంది. సర్ది చేసినవాడి మాట మారేది అందుకే. మొర్రి ఉన్న పిల్లవాడికి దీనికి ఎదురుగా జరుగుతుంది. దారి మూతపడదు కాబట్టి "ప" అన్నా గాలి ముక్కులోంచి పోతుంది, చనుబాలు పీల్చడానికి నోట్లో కావలసిన ఒత్తిడీ నిలవదు.

మెట్టు 3: ముక్కు గుమ్మం, మధ్య గోడ

ముక్కు కొన పైకెత్తి టార్చ్ వేయండి. వెంట్రుకలు ఉన్న మొదటి గది వెస్టిబ్యూల్. అక్కడ ఉండేది చర్మమే, లోపలి ఎర్రటి పొర కాదు. అందుకే అక్కడ సెగ్గడ్డలు లేస్తాయి. వాటిని గిల్లొద్దు. ఈ భాగపు సిరలు కంటి సిరల ద్వారా పుర్రెలోని కావెర్నస్ సైనస్‌తో కలుస్తాయి. పేరులో సైనస్ ఉన్నా అది గాలి గది కాదు, రక్తం నిండిన సిర. ఈ రెంటినీ కలిపేసుకోవద్దు.

మధ్య గోడను మనవాళ్ళు ముక్కులో దూలం అంటారు. ముందు నాలుగు మూలల కార్టిలేజ్ (మెత్తటి ఎముక), వెనక పైన రెండు కళ్ళ మధ్య ఉండే ఎత్మాయిడ్ ఎముక నిలువు పలక, వెనక కింద వోమర్ అనే ఎముక. అచ్చంగా నిటారుగా ఉండే దూలం అరుదు. కొంచెం వంకర ఉందని రిపోర్టులో రాగానే ఆపరేషన్ గురించి టెన్షన్ పడనక్కర్లేదు. గాలి ఆడకపోతేనో, సైనస్ దారి మూసుకుంటేనో ఆలోచించాలి.

దూలం ముందు కింది భాగంలో లిటిల్స్ ఏరియా ఉంది. యాంటీరియర్ ఎత్మాయిడల్, స్ఫీనోపాలటైన్, గ్రేటర్ పాలటైన్, సుపీరియర్ లేబియల్ ధమనుల కొమ్మలు అక్కడ కలుస్తాయి. మే నెలలో నల్లగొండ ఎండకు పిల్లల ముక్కుల్లోంచి రక్తం కారేది ఎక్కువగా ఇక్కడి నుంచే. పొర ఎండి పగులుతుంది, పిల్లవాడు గిల్లుతాడు, నెత్తురు వస్తుంది. అప్పుడు ఇంట్లో అందరూ చేసే పని తల వెనక్కి వంచడం. అలా చేస్తే రక్తం గొంతులోకి పోయి పిల్లవాడు వాంతి చేసుకుంటాడు, భయం రెట్టింపవుతుంది. కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్ళతో పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి, నోటితో గాలి పీల్చమనాలి. పైనున్న ఎముకను నొక్కితే లాభం లేదు, రక్తనాళాలు ఉన్నది కింద. మధ్యమధ్య తీసి చూడొద్దు. అప్పటికీ ఆగకపోయినా, బీపీ ఉన్న పెద్దవాళ్ళకు వెనక నుంచి గొంతులోకి కారుతున్నా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే.

మెట్టు 4: పక్క గోడ కోసం తలకాయ

పక్క గోడ అద్దంలో కనిపించదు. కాలేజీ స్పెసిమెన్ చుట్టూ ఎప్పుడూ గుంపే. అందుకని మటన్ కొట్టుకు వెళ్ళండి. గొర్రెలకు పెట్టింది పేరైన పాలమూరులో తలకాయ దొరకడం పెద్ద కష్టం కాదు. కొట్టతనికి ముందే చెప్పండి: కూరకు కాదు, ముక్కలు చేయొద్దు, ముక్కు కొన నుంచి నడినెత్తి దాకా నిలువుగా, అదీ నట్టనడుమ కాకుండా కాస్త పక్కకు రెండు చెక్కలు చేయమని. కత్తి దెబ్బకు లోపలి పలకలు నుజ్జవుతాయి. హాక్సా బ్లేడ్‌తో మీరే కోసుకుంటే ఇంకా మంచిది. పక్కకు కోస్తే దూలం ఒక చెక్కకే ఉండిపోయి, రెండో చెక్కలో పక్క గోడ బయటపడుతుంది. గ్లౌజులు వేసుకోండి, తర్వాత ఆ తలకాయను వండుకోవద్దు.

నెమ్మదిగా నీళ్ళు పోసి కడగండి. కాగితంలా పలచని ఎముక, దాని మీద మెత్తటి పొర, చుట్టలు చుట్టుకుని కనిపిస్తాయి. అవే కాంకాలు, ఆస్పత్రి భాషలో టర్బినేట్లు. వేలితో ఒక చుట్టను పైకెత్తితే కింద సందు ఉంటుంది, ఆ సందే మీటస్. ఈ ఒక్క కదలిక చేతికి అలవాటైతే, మనిషి స్పెసిమెన్ ముందు ఫోర్సెప్స్ గాల్లో ఆగదు. అప్పుడప్పుడు పుర్రె గదుల్లో తెల్లటి లావు పురుగులు కనిపిస్తాయి. గొర్రెల ముక్కు ఈగ పిల్లలవి. ఆ ఈగ చుట్టుముట్టినప్పుడు గొర్రెలు ముక్కు నేలకు ఆనించి ఒకదానికొకటి దగ్గరగా ముడుచుకుంటాయని మందను కాచినవాళ్ళకు తెలుసు. ముక్కుకూ సైనస్‌కూ తలుపు లేని దారి ఉందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తేడాలు మరిచిపోవద్దు. గొర్రెకు పై ముందు పళ్ళు ఉండవు, గట్టి మెత్త మాత్రమే ఉంటుంది. ముక్కు పొడవు, చుట్టల మెలికలు ఎక్కువ. మనిషిలో మూడు కాంకాలు ఒకదాని కింద ఒకటి వరసగా ఉంటాయి. పై రెండూ ఎత్మాయిడ్ ఎముకలో భాగాలు. కిందిది విడి ఎముక, అన్నిటికంటే పొడవు.

పీల్చిన గాలిని వెచ్చబెట్టడం, తడపడం, దుమ్ము పట్టడం ఈ చుట్టల పని. వాటిలో రక్తం నిండి ఉబ్బుతుంది, తగ్గుతుంది, అదీ రెండు వైపులా వంతులవారీగా. స్టీలు పళ్ళెం ముక్కు కింద అడ్డంగా పెట్టి ఊపిరి వదలండి. రెండు ఆవిరి మరకల్లో ఒకటి పెద్దది. కొన్ని గంటల తర్వాత మళ్ళీ చూస్తే రెండోది పెద్దదై ఉండవచ్చు. దీన్ని 1895లో కైజర్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. ఒక ముక్కు మూసుకున్నట్టుందని కంగారుగా వచ్చేవాళ్ళలో కొందరికి ఉన్నది ఈ వంతులే.

మెట్టు 5: ఏది ఎటు కారుతుంది

కాగితం మీద మూడు చుట్టలు గీయండి, కింద నుంచి పైకి చెప్పుకోండి.

ఇన్‌ఫీరియర్ మీటస్‌లోకి వచ్చేది ఒక్కటే, కన్నీటి గొట్టం. కంట్లో చుక్కలు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగిలేది ఈ దారినే. ఏడ్చినప్పుడు ముక్కు కారేదీ అందుకే.

మిడిల్ మీటస్ అసలు కూడలి. మధ్య కాంకాను పైకెత్తితే ఉబ్బెత్తుగా కనిపించేది బుల్లా ఎత్మాయిడాలిస్, దాని ముందు కొడవలిలా ఉన్న ఎముక అన్సినేట్ ప్రాసెస్, రెంటి మధ్య వంపు తిరిగిన సందు హయేటస్ సెమీలూనారిస్. ఫ్రంటల్ (నుదుటి), మేక్సిలరీ (బుగ్గ), ముందు ఎత్మాయిడ్ (కళ్ళ మధ్య) గదులు ఈ ప్రాంతంలోకే తెరుచుకుంటాయి. మధ్య ఎత్మాయిడ్ గదులు బుల్లా మీద తెరుచుకుంటాయి. అంతా కలిపి ఆస్టియోమీటల్ కాంప్లెక్స్. దారి సన్నం, ట్రాఫిక్ ఎక్కువ. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఊక దుమ్మో, చేను గట్టున వయ్యారిభామ పుప్పొడో పడక ఇక్కడి పొర కాస్త వాచిందంటే వెనక మూడు గదులూ ఒకేసారి పూడుకుంటాయి. ఎండోస్కోప్‌తో చేసే సైనస్ సర్జరీ చాలావరకు ఈ కూడలిని తెరవడమే.

సుపీరియర్ మీటస్‌లోకి వెనక ఎత్మాయిడ్ గదులు, దానికి పైన వెనకవైపున్న స్ఫీనోఎత్మాయిడల్ రిసెస్ అనే మూలలోకి ముక్కు వెనక లోతుగా ఉండే స్ఫీనాయిడ్ సైనస్. ఇవి రెండే కాబట్టి కలగాపులగం కావు.

మెట్టు 6: ఒక్కో సైనస్, దాని ఇరుగుపొరుగు

మేక్సిలరీ అన్నిటికంటే పెద్దది, పెద్దవాళ్ళలో సుమారు 15 మిల్లీలీటర్లు పడుతుంది. దీని నిర్మాణంలో ఒక లోపం ఉంది. తూము లేని చెరువు ఇది. మత్తడి దుంకితే తప్ప నీళ్ళు బయటికి పోవు, ఎందుకంటే దీని రంధ్రం లోపలి గోడలో బాగా పైన, కప్పు దగ్గర ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పొర మీద వెంట్రుకల్లా ఉండే సన్నటి సీలియా శ్లేష్మాన్ని ఎదురెక్కించి ఆ రంధ్రం దాకా మోస్తాయి. వాపు వచ్చి సీలియా ఆగిపోతే కింద నిలవ ఉండిపోతుంది.

దీని కప్పే కంటి గూటికి నేల. ఆ కప్పులో ఇన్‌ఫ్రాఆర్బిటల్ నరం వెళుతుంది. నేల పై దవడ ఎముక, అదీ ముక్కు నేల కంటే కిందికి ఉంటుంది. రెండో ప్రీమోలార్ (చిన్న దవడ పన్ను), మొదటి మోలార్ (పెద్ద దవడ పన్ను) వేళ్ళు దాదాపు లోపలికి పొడుచుకుని వస్తాయి. అందుకే సైనస్ వాచినవాడు పన్ను నొప్పని డెంటిస్ట్ దగ్గరికి పోతాడు, పన్ను చీము పట్టినవాడు సైనస్ అనుకుని ఈఎన్‌టీ దగ్గరికి వస్తాడు. పై దవడ పన్ను పీకించుకున్నాక పుక్కిలించిన నీళ్ళు ముక్కులోకి వస్తుంటే నోటికీ సైనస్‌కూ కంత పడిందని అర్థం.

ఫ్రంటల్ పుట్టినప్పుడు ఉండదు. ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించేది ఆరేడేళ్ళు వచ్చాకే. మూడేళ్ళ పిల్లవాడి నుదుటి నొప్పికి దీన్ని తప్పు పట్టలేం. ఎత్మాయిడ్, మేక్సిలరీ పుట్టుకతోనే చిన్నగా ఉంటాయి. ఎత్మాయిడ్‌కూ కంటి గూటికీ మధ్య లామినా పాపిరేసియా అనే కాగితం లాంటి ఎముక ఒక్కటే అడ్డు. సర్ది తర్వాత పిల్లల కన్ను ఎర్రగా వాచి మూసుకుపోతే రేపు చూద్దాం అనకూడదు. స్ఫీనాయిడ్ పైన పిట్యూటరీ గ్రంథి, పక్కల కావెర్నస్ సైనస్, ఇంటర్నల్ కెరోటిడ్ ధమని. పిట్యూటరీ గడ్డను ముక్కులోంచి తీసే ఆపరేషన్ ఈ గది మీదుగానే.

ఈ ఇరుగుపొరుగు ఎంత దగ్గరో 2021లో బ్లాక్ ఫంగస్ చూపించింది. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని రాష్ట్రానికి నోడల్ కేంద్రం చేశారు. ముక్కులో మొదలైన ఫంగస్ సైనస్‌లోకి, అక్కడి నుంచి కింద అంగిలికి, పక్కన కంటికి, పైన మెదడుకు పాకింది. అంగిలి మీద నల్ల మచ్చ కనిపిస్తే ముక్కులో వెతకాలని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. షుగర్ అదుపులో లేని పేషెంట్ ముఖం నొప్పి అన్నాడంటే ఇప్పటికీ నోరు తెరిపించి చూడాలి. పళ్ళ మీద ఫ్లోరైడ్ మరకల దగ్గరే ఆగిపోకుండా పైకి కూడా టార్చ్ వేయండి.

మెట్టు 7: కప్పు

ముక్కు కప్పు మధ్యలో క్రిబ్రిఫార్మ్ ప్లేట్ అనే జల్లెడ పలక ఉంది. ఒక్కోవైపు సుమారు ఇరవై వాసన నరపు పోగులు దాని గుండా మెదడు కిందికి వెళతాయి. హైవే మీద బైక్ నుంచి పడి తలకు దెబ్బ తగిలినవాడి ముక్కులోంచి నీళ్ళలాంటిది చుక్కలుగా కారుతుంటే అది సర్ది కాకపోవచ్చు, మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. ముక్కు చీదనివ్వొద్దు, ముక్కులోంచి గొట్టం వేయొద్దు.

గొట్టం వేసే దిశ కూడా ఇక్కడే నేర్చుకోండి. నాసికా రంధ్రం కిందికి చూస్తుంది కానీ లోపలి దారి పైకి పోదు, అంగిలికి సమాంతరంగా తిన్నగా వెనక్కి, చెవి వైపుకు పోతుంది. 2020లో కోవిడ్ స్వాబ్ చేయించుకున్నవాళ్ళకు ఇది అనుభవమే. ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ వేసే నర్సింగ్ విద్యార్థులు మొదటిసారి పైకి గుచ్చబోతారు. నేల వెంటే పోవాలి.

మెట్టు 8: సీటీ ఫిల్మ్ మీద

ఇప్పటిదాకా తడిమింది సీటీలో చూడండి, కొరోనల్ కట్స్‌లో, అంటే ముఖానికి ఎదురుగా నిలబడి చూసినట్టు తీసినవాటిలో. ముందు కుడి ఎడమ గుర్తు చూసుకోండి. ఫిల్మ్‌కు ఎడమవైపు ఉన్నది పేషెంట్ కుడివైపు. గాలి నలుపు, ఎముక తెలుపు, నీరూ వాపూ బూడిద రంగు. కింది కాంకాను పట్టుకోండి, పైకి వెళ్ళి మధ్య కాంకా, దాని పక్కన అన్సినేట్, ఆ సందు నుంచి మేక్సిలరీ లోపలికి దారి తెరిచి ఉందో లేదో వేలితో గీయండి. తర్వాత లామినా పాపిరేసియా ఎక్కడైనా తెగిందా, జల్లెడ పలక ఎంత లోతులో ఉంది అని చూడండి. సర్జన్ ఆపరేషన్‌కు ముందు వెతికేది వాటినే. ఆఖరికి కిందికి దిగి మోలార్ వేళ్ళు చూడండి. రెండువైపులా బూడిద రంగు ఉంటే అలర్జీ, సర్ది లాంటివి ముందు ఆలోచించవచ్చు. ఒక్కవైపు మేక్సిలరీ మాత్రమే పూడుకుని ఉంటే పన్ను, ఫంగస్, గడ్డ, ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకోవాలి. అందులో తేలిగ్గా తేలేది పన్నే. కాబట్టి పేషెంట్‌ను నోరు తెరవమని, ఆ వైపు పై దవడ పళ్ళను ఒక్కొక్కటిగా తట్టి చూడండి.